వదిన విప్పిన స్వెటరు

మా వదినకి "లేదు" అనడం రాదు. మిగతా మాటలన్నీ బ్రహ్మాండంగా వచ్చు. నన్ను తిట్టడానికి ఆవిడ వాడే మాటల్లో కొన్ని నిఘంటువులో కూడా దొరకవు. కానీ ఎవరైనా గుమ్మంలో నిలబడి "మా పాపకి ఒక చిన్న స్వెటరు కావాలండీ" అన్నారంటే చాలు, "దానికేం భాగ్యం, తప్పకుండా" అనేస్తుంది. వాళ్లు వీధి మలుపు తిరిగే దాకా నవ్వుతూ నిలబడి, తర్వాత వంటింట్లోకి వచ్చి నెత్తి కొట్టుకుంటుంది. "మీరే కదా ఒప్పుకున్నారు" అని నేనంటే, "మరి మొహం మీద ఎలా చెప్పమంటావు, మరిది గారూ?" అంటుంది. కోపం వచ్చినప్పుడే నేను "మరిది గారు" అవుతాను. మామూలు రోజుల్లో నాకంత గౌరవం దక్కదు.

ఊలు అల్లికలో వదిన చేతికి వంక పెట్టడానికి లేదు. ఇరవై రెండేళ్లు ఆడపిల్లల బడిలో చేతిపనుల టీచరుగా చేసింది. ఏ పిల్లయినా సూది మీంచి లూపు జారవిడిచి, కన్నం పడేలా అల్లి తెస్తే, ముందు పెన్సిలు పెట్టి ఆ తప్పులన్నీ చీటీ మీద రాసేది. ఆ తర్వాత పిల్ల కళ్లముందే మొత్తం విప్పేసి, ఉండ చుట్టి, చేతిలో పెట్టి "మళ్లీ మొదటి నుంచి" అనేది. ఆ బడిలో చదివిన ఆడవాళ్లు, ఇప్పుడు పిల్లల తల్లులైనా సరే, వదిన ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తారు. సెలవుల ముందు మాత్రం వాళ్లే స్వెటర్ల కోసం మా గుమ్మంలో వరస కడతారు.

ఏడాది చివరి సెలవులు దగ్గర పడ్డాయంటే మా ముందుగది గదిలా ఉండదు. కుర్చీల్లో ఊలు ఉండలు కూర్చుంటాయి, మనుషులు నిలబడతారు. తెలియక సోఫాలో కూర్చున్న చుట్టాలు సూది గుచ్చుకుని లేచి నిలబడతారు. మా అన్నయ్యకి ఆ నెలంతా వేరే ఉద్యోగం. ఎవరి స్వెటరైనా సరే, కొలత చూడడానికి ముందు ఆయన ఒంటి మీదకే వస్తుంది. ఒకసారి ఎవరో కాలేజీ అమ్మాయి గులాబీరంగు స్వెటరు తొడిగించుకుని, రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు. అదే సమయంలో ఆయన ఆఫీసు పెద్ద లోపలికొచ్చాడు. అన్నయ్య ఆ భంగిమలోనే నమస్కారం పెట్టాడు. ఆ సంగతి ఇంట్లో ఎత్తితే ఇప్పటికీ పేపరు అడ్డం పెట్టుకుంటాడు.

కిందటేడు మాత్రం పరువు పోయింది. వదిన ఒకే తేదీకి పంతొమ్మిది మందికి మాటిచ్చింది. కవల పిల్లల తల్లికి మూడు చేతి తొడుగులిచ్చి, నాలుగోది సెలవులయ్యాక ఇచ్చింది. పాపం ఆ కవలల్లో ఒకడు సెలవులంతా ఒక చెయ్యి జేబులో పెట్టుకునే తిరిగాడు. దాంతో ఈ ఏడు అన్నయ్య నన్ను పిలిచి, "ఒరేయ్, నువ్వు ఆఫీసు పని చేసేవాడివి కదా, ఈ ఆర్డర్ల సంగతి నువ్వు చూడరా, నా వల్ల కాదు" అన్నాడు.

నేను బడిలో గుమాస్తాను. ఒక పిల్లవాడి పదేళ్ల చదువుని నాలుగు గడుల్లో ఇమిడ్చి టీసీ రాసే చెయ్యి నాది. ఆ పొగరు నాకు కొంచెం ఉంది. మర్నాడే బడి నుంచి పాత నల్లబల్ల ఒకటి తెచ్చి ముందుగదిలో పెట్టాను. తెల్లకాగితాలు కత్తిరించి చీటీలు చేశాను. ఒక్కో ఆర్డరుకి ఒక చీటీ, చీటీకి రెండు వాక్యాలు, అంతకు మించితే నేను ఒప్పుకోను. పదో తేదీ తర్వాత కొత్త ఆర్డర్లు తీసుకోబోమని బల్ల మీద పెద్దక్షరాలతో రాశాను. వదిన అది చదివి, "చేతిరాత బాగుంది" అని మెచ్చుకుని, పదకొండో తేదీన వంటింటి గుమ్మం దగ్గర మూడు ఆర్డర్లు తీసుకుంది.

"వదినా, బల్ల మీద ఏం రాశానో చూశారా?"

"అది ముందు గుమ్మానికి కదా రాశావు."

ఆ నెలలో వచ్చిన మనుషుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ తలప్రాణం తోకకొస్తుంది. పళ్ల డాక్టరుగారి భార్యకి ఆరు టోపీలు కావాలి, కుటుంబం అంతా కలిసి ఫొటో దిగడానికి. ఆరూ ఒకే రంగు. అయితే "మరీ ఒకేలా ఉండకూడదు." మందుల షాపాయనకి కుక్కకి స్వెటరు కావాలి. కుక్కని తీసుకురమ్మంటే అది కరుస్తుందన్నాడు. కొలతలు ఫోనులో చెప్పాడు, వెనకాల కుక్క మొరుగుతూనే ఉంది. ఎదురింటావిడ మఫ్లరు నాలుగుసార్లు రంగు మార్చి, చివరికి మొదటి రంగే బాగుందంది. వీటన్నిటినీ నేను రెండేసి వాక్యాల్లో ఇరికించి, మేకుకి గుచ్చి, రోజూ సాయంత్రం బల్ల ముందు నిలబడి మురిసిపోయేవాణ్ణి.

బస్సు డ్రైవరు వచ్చింది అలాంటి ఒక సాయంత్రమే. స్టేషను నుంచి పెద్దాసుపత్రి దాకా తిరిగే బస్సు ఆయనది. మా వీధివాళ్లందరికీ మొహం తెలుసు. గదిలో అప్పటికే నలుగురున్నారు, డాక్టరుగారి భార్య ఆరో టోపీ గురించి ఇంకా ఆలోచిస్తోంది. ఆయన నా పక్కకొచ్చి ఒక కవరు ముందుకి చాపాడు. అందులో ముదురాకుపచ్చ ఊలుతో సగం అల్లిన స్వెటరు, సూదులు దానిలోనే గుచ్చి ఉన్నాయి.

"మా ఆవిడ అల్లిందండి," అన్నాడు. "పోయి నాలుగు నెలలైంది. దీన్ని పూర్తి చేసిపెడితే... సెలవుల మొదటి రోజు నాకు డ్యూటీ ఉంది. ఆ రోజు పొద్దున్న ఇది వేసుకునే బండెక్కుతావులే అనేది. మూడేళ్ల నుంచీ అల్లుతోంది లెండి. ఇంట్లో తోచక నా బండిలోనే, నా వెనక సీట్లో కూర్చుని అల్లుకునేది."

కవరు నేను పట్టుకున్నా ఆయన వెంటనే వదల్లేదు. "ఆవిడ చేసినంతా అలాగే ఉంచి, మిగతాదే..." అని ఏదో అనబోయాడు. ఇంతలో డాక్టరుగారి భార్య "ఏవండీ గుమాస్తాగారూ, ఆరోదానికి కుచ్చు పెట్టిద్దామా?" అంది. నేను అటు తిరిగి, ఇటు తిరిగి, "అలాగేనండి, జాగ్రత్తగా చేస్తాం" అని చీటీ రాశాను. "డ్రైవరు, ఛాతీ నలభై. సగం అయింది, పూర్తి చేయాలి." రెండే వాక్యాలు. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

మూడు రోజుల తర్వాత శనివారం, ఒంటిపూట బడి. నేను ఇంటికొచ్చేసరికి వదిన మంచి హుషారులో ఉంది. ఒళ్లో ముదురాకుపచ్చ స్వెటరు వెనకభాగం నున్నగా, తీర్చినట్టు ఉంది.

"ఇది చూడు. ఎలా వచ్చిందో చెప్పు."

"బాగుంది వదినా. మిగిలింది అల్లేశారా?"

"మిగిలిందేమిటి, మొత్తం! ఆ పాత దానికి దండం పెట్టాలి. ఏ మహాతల్లి అల్లిందో గానీ, నాలుగు వరసలు సరిగ్గా అల్లడం, ఒక లూపు జారవిడవడం. మళ్లీ నాలుగు వరసలు, మళ్లీ జారవిడవడం. పాపం తుమ్ముల జబ్బేమో. నలభై ఒక్క తప్పు రాశాను, ఆ తర్వాత చీటీలో చోటు చాలక మానేశాను. విప్పేసి మొదటి నుంచి అల్లుతున్నాను. ఆయనతో చెప్పకు, అంత పని చేశామంటే మొహమాటపడతాడు."

కుర్చీలో ఊలు ఉండ ఉంటే దాని మీదే కూర్చున్నాను.

"వదినా, ఆవిడ లేదు."

"ఏ ఊరెళ్లింది?"

"పోయింది వదినా. నాలుగు నెలలైంది. ఆవిడ అల్లినంతా అలాగే ఉంచమన్నాడు ఆయన."

వదిన సూదులు ఒళ్లో పెట్టింది. కాసేపు ఆ నున్నటి అల్లిక మీద చెయ్యి వేసి కూర్చుంది. "నాకెందుకు చెప్పలేదు?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"చీటీలో..."

"చీటీలో చోటు లేకపోతే నీకు నోరు లేదా?"

"మరిది గారూ" అని తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఆవిడ తిట్టలేదు. నాకు సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు. ఒక మనిషి తన భార్య చేతిలోంచి వచ్చిన ఆఖరి వస్తువుని నా చేతిలో పెడితే, నేను ఛాతీ కొలత రాసుకున్నాను.

ఆ మధ్యాహ్నం వదిన తను అల్లింది తనే విప్పేసింది. తప్పుల చీటీ ముందు పెట్టుకుని, అందులో ఉన్నవి ఉన్నట్టు వరస ప్రకారం అల్లడం మొదలెట్టింది. నాలుగు వరసలయ్యాక లూపు జారవిడవాలి. ఐదో వరస వచ్చింది, పోయింది. వేళ్లు వాటంతట అవే లూపుని అందుకుని సర్దేశాయి. విప్పి మళ్లీ అల్లింది. మళ్లీ అంతే. "జారవే, జారు" అని ఊలుని బతిమాలింది. తన బొటనవేలిని తనే కొట్టింది. నలభై ఏళ్లుగా తప్పు చెయ్యని చెయ్యి, అడిగితే మాత్రం చేస్తుందా? ఇంకో రోజైతే నేను నెల రోజులు నవ్వుకునేవాణ్ణి. బలవంతాన ఒక లూపు వదిలి చూసింది. అది చూస్తే కావాలని వదిలినట్టే ఉంది.

"ఇది దొంగతనంలా ఉంది," అంది. "ఆయన దగ్గరికెళ్లి చెప్పాలి."

అప్పుడే డాక్టరుగారి భార్య వచ్చింది. "ఏడో టోపీ కూడా కావాలండీ, మా మరిది వస్తున్నాడు" అని నవ్వుతూ నిలబడింది.

"లేదు," అంది వదిన.

గదిలో ఉన్న ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. అన్నయ్య పేపరు దించాడు. పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో ఆయన ఆ మాట ఆ నోట వినడం అదే మొదలనుకుంటాను. డాక్టరుగారి భార్య కూడా ఆ మాట వదినకి వచ్చని తెలియక, మళ్లీ అడిగింది. "లేదండీ. ఆ ఆరు టోపీలు కూడా నాలుగు రోజులు ఆలస్యమవుతాయి" అంది వదిన. నల్లబల్లతో, చీటీలతో నేను నెలంతా సాధించలేనిది అలా ఒక్క మాటతో అయిపోయింది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటి బస్సుకి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. దార్లో నేను, డ్రైవరు భార్య ఆయన బస్సులోనే కూర్చుని అల్లేదన్న మాట వదినకి చెప్పాను. ఇంతకాలం ఏం చేశావన్నట్టు నన్నొక చూపు చూసింది. డ్రైవరు మమ్మల్ని చూసి తల ఊపాడు. ఆయన వెనక సీటు ఖాళీగా ఉంది. బస్సులో జనం నిలబడి ఉన్నారు గానీ అందులో ఎవరూ కూర్చోలేదు. వదిన ఒక్క క్షణం ఆగి, కూర్చుంది. చెబుతుందనుకున్నాను. ఆవిడ నోరు తెరిచి, మూసి, సంచిలోంచి సూదులు, ఊలు తీసింది. భయమేస్తే వదిన అల్లుతుంది.

ఇక ఆ బస్సు నడక గురించి చెప్పాలి. ఆయన మంచివాడే గానీ బ్రేకు మీద కాలు వేస్తే మాత్రం ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నట్టు వేస్తాడు. బడి దగ్గర స్పీడుబ్రేకరు వచ్చింది. నేను ముందున్న కడ్డీకి నుదురు కొట్టుకున్నాను. వదిన చేతిలో సూది ఎగిరింది, లూపు జారింది. దాన్ని ఎత్తడానికి వేలు పరిగెత్తింది గానీ, వదిన రెండో చేత్తో ఆ వేలిని పట్టేసుకుంది. అలా వదిలేసి ముందుకి అల్లింది. నాలుగు వరసలయ్యేసరికి ఆసుపత్రి మలుపు. మళ్లీ జారింది. వదిన నా వైపు చూసింది. ఆ తుమ్ముల జబ్బు ఎవరిదో మా ఇద్దరికీ అర్థమైంది.

ఆ బస్సు ఆ చివరికీ ఈ చివరికీ మూడుసార్లు తిరిగింది, మేం దిగలేదు. నాలుగోసారి ఆసుపత్రి దగ్గర అందరూ దిగాక, ఆయన సీట్లోంచి వెనక్కి తిరిగాడు. వదిన ఒళ్లో నాలుగు వేళ్ల వెడల్పున అల్లిక ఉంది.

"ఇదేంటమ్మా, మా ఆవిడ చాలా అల్లింది కదా. ఇంతే ఉందేం?"

"నేను విప్పేశాను బాబూ," అంది వదిన. "వంకరగా ఉందని మొత్తం విప్పేశాను. ఆవిడ లేదని నాకు తెలియదు. తెలియదంటే సరిపోదనుకోండి."

"తప్పు నాదండి, చీటీలో నేను..." అని నేను మొదలెట్టాను.

"నువ్వూరుకో."

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "ఒక్క వరసైనా మిగల్లేదా అమ్మా?" అన్నాడు.

"లేదు. ఈ ఊలు మాత్రం ఆవిడ చేతిలోంచి వచ్చిందే. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు."

ఆయన బస్సు దిగి ముందు చక్రం దగ్గర నిలబడ్డాడు. చేతులు నడుం మీద పెట్టుకుని టైరు వైపు చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. వదిన ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. నా బతుకులో అంత పనికిరానివాణ్ణయి నేనెప్పుడూ కూర్చోలేదు. తర్వాత ఆయన మళ్లీ ఎక్కి, ఆ అల్లికని చేతిలోకి తీసుకున్నాడు. ఒక కన్నంలో వేలు పెట్టాడు.

"ఇది మీరే అల్లారా? ఇప్పుడు? నా బండిలో?"

"ఆఁ."

"మరి ఈ కన్నం?"

"మీరు బడి దగ్గర బ్రేకు వేసినప్పుడు జారింది."

"ఇది?"

"ఈ మలుపు."

"మీకు కూడా జారిందా?" ఆయన వదిన మొహంలోకి చూశాడు. "మా ఆవిడ చెప్పేది మీ గురించి. ఆ టీచరుగారికి లూపు జారదు అని."

"మీ బండిలో ఎవరికైనా జారుతుంది బాబూ."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "మూడేళ్లు పోట్లాడిందమ్మా నాతో. నీ బ్రేకు వల్లేనయ్యా, కాస్త మెల్లగా వెయ్యి అని. నేను, నీకే చెయ్యి తిరగలేదే, నా డ్రైవింగుకి వంక పెడతావా అనేవాణ్ణి. జనం ముందు కూడా అన్నాను. ఒక్కసారైనా ఒప్పుకోలేదు."

వదిన కళ్లు తుడుచుకుని, సంచిలోంచి ఆ తప్పుల చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇవి నలభై ఒకటి. ఆవిడవని రాసుకున్నాను. ఇందులో ఆవిడ తప్పు ఒక్కటి కూడా లేదు. అన్నీ మీవే."

ఆయన ఆ చీటీని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నవ్వాడో ఏడ్చాడో నేను చెప్పలేను, భుజాలు మాత్రం కదిలాయి. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అల్లిక వదినకి తిరిగిచ్చి, "కానివ్వండమ్మా" అని సీట్లో కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు అంత నెమ్మదిగా నడవడం నేనెన్నడూ చూడలేదు. మలుపు తిరిగింది తెలియలేదు. స్పీడుబ్రేకరు ఎక్కిందీ, దిగిందీ తెలియలేదు. వెనక నుంచి ఎవరో "ఏం డ్రైవరూ, బండిలో గుడ్లు గానీ ఉన్నాయా?" అని అరిచారు. వదిన నాలుగు వరసలు అల్లింది, ఎనిమిది అల్లింది, పన్నెండు అల్లింది. ఒక్క లూపూ జారలేదు. చివరికి ఆవిడ ముందుకి వంగింది.

"బాబూ, మీరు మామూలుగా తోలండి. ఇలా అయితే ఆవిడ అల్లినట్టు రాదు."

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఇక నా వల్ల కాదమ్మా," అన్నాడు.

సెలవుల మొదటి రోజు ఆయన దాన్ని వేసుకునే డ్యూటీకెక్కాడు. ఆ స్వెటరుకి కింద నాలుగు వేళ్ల మేర కన్నాలున్నాయి. అక్కడి నుంచి మెడ దాకా ఒక్కటీ లేదు.